పెళుసు

తెలుగులో దారం తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది, కుండ పగులుతుంది, కర్ర విరుగుతుంది. వంగకుండా, సాగకుండా, కాస్త బరువు పడగానే పుటుక్కున విరిగేదాన్ని మాత్రం 'పెళుసు' అంటాం. దారం ఎంత సన్నదైనా పెళుసు అనం, అది వంగుతుంది కాబట్టి. మునగ కొమ్మ ఎంత లావుగా ఉన్నా పెళుసే అంటాం. ఎవరినైనా అతిగా పొగిడితే 'మునగచెట్టు ఎక్కించారు' అనడం అందుకే. అంటే సన్నదనం వేరు, పెళుసుదనం వేరు.

హైస్కూలు సైన్సు పాఠంలోనూ ఈ మాట వస్తుంది. బొగ్గు, గంధకం సుత్తితో కొడితే పొడి అవుతాయి కాబట్టి అవి పెళుసు. రాగి రేకుగా సాగుతుంది కాబట్టి అది పెళుసు కాదు. పరీక్షకు అంతవరకు చాలు. కానీ మా ఏజెన్సీ పిల్లలం ఈ మాటను పుస్తకం కంటే ముందే అడ్డాకుల దగ్గర నేర్చుకున్నాం.

కొండ మీంచి తెచ్చిన అడ్డాకును ఎండబెడతాం. బాగా ఎండిన ఆకును మడిస్తే విరిగిపోతుంది. అలాగని పారేయం. నీళ్లు చిలకరించి, దొంతిగా పేర్చి, పైన బరువు పెడతాం. కొంతసేపటికి ఆకు మెత్తబడుతుంది. అప్పుడు పుల్ల గుచ్చి విస్తరి కుట్టినా చిరగదు. "ఆకు పెళుసయింది, నీళ్లు చల్లు" అంటుంది మా అమ్మ. ఆమె ఆకును తప్పు పట్టడం లేదు. చేయాల్సిన పని చెబుతోంది.

కమ్మరి దగ్గరా అంతే. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. రాయి తగిలితే అంచు ఊడుతుంది. అందుకని మళ్లీ కాస్త సెగ చూపించి ఆ పెళుసుదనం తగ్గిస్తాడు. ఇనుము అదే, దాన్ని చూసుకునే తీరులోనే తేడా.

ఇదే మాట మనుషుల మీదికి వచ్చేసరికి దారి తప్పుతుంది. కటువైన మాటను 'పెళుసు మాట' అంటారు, అది సరే. కానీ తరచూ జబ్బు పడే బిడ్డను 'పెళుసు ఒళ్లు' అని వదిలేస్తారు. అక్కడితో పని ఆగిపోతుంది. నీళ్లు చల్లేవాళ్లు ఉండరు.

మా చిన్నాన్న కూతురు హాస్టల్లో ఉండి చదివింది. చలికాలం వస్తే కీళ్లు, ఎముకలు నొప్పులు. పరిగెత్తితే ఆయాసం. తోటి పిల్లలు 'పెళుసు పిల్ల' అన్నారు, పెద్దలు బద్ధకం అన్నారు. కొన్నేళ్ల తర్వాత రక్తపరీక్ష చేస్తే సికిల్ సెల్ అని తేలింది.

మామూలు ఎర్రరక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సన్నని రక్తనాళంలో కూడా వంగి జారిపోతుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ జబ్బులో కణం కొడవలిలా వంకర తిరిగి బిగుసుకుపోతుంది. 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. అందుకే రక్తం చాలదు. బిగుసుకున్న కణాలు నాళంలో అడ్డుపడితే భరించలేని నొప్పి. ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా, బాగా అలసిపోయినా ఇది ఎక్కువవుతుంది.

ఇది అంటువ్యాధి కాదు, శాపం కాదు. తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరి దగ్గరా ఆ జన్యువు వస్తేనే జబ్బు. ఒకరి నుంచే వస్తే ఆ మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వాళ్లకు కొంత రక్షణ కూడా. మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం అదే. మనం పెళుసు అనుకున్నది మన ముత్తాతలకు డాలుగా పనిచేసింది.

2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేయడం అందులో భాగం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెళ్లి మాటలు రాకముందే పరీక్ష చేయించుకోండి. కార్డు ఇస్తే దాచుకోండి.

టీచర్లకు ఒక మనవి. ఒక బిడ్డ మాటిమాటికీ నొప్పులంటే, కళ్లు పచ్చబడితే, కొద్దిపాటి ఆటకే అలసిపోతే, పేరు పెట్టకుండా ముందు పీహెచ్‌సీకి పంపండి. పాఠం మధ్యలో నీళ్లు తాగనివ్వండి, బయటికి వెళ్తానంటే పంపండి. చలి పొద్దున చన్నీళ్ల స్నానం చేయించకండి. జ్వరం వస్తే రేపటిదాకా ఆగకండి.

మా చెల్లి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మందులు వేసుకుంటుంది, సంచిలో నీళ్ల సీసా లేకుండా గడప దాటదు. నొప్పి వచ్చే రోజులు ఇంకా ఉన్నాయి. ఆ రోజుల్లో వాళ్ల లెక్చరర్ ఆమెకు ఆ రోజు నోట్సు పంపుతారు.