జపాన్ కుంచె... మన రాముడు

ధోవతి ఎలా కట్టుకుంటారు? పెద్దవాళ్లు పిల్లల్ని ఎలా దీవిస్తారు?

మనింట్లో చిన్నపిల్లలకూ తెలిసిన సంగతులే. కానీ 1990లో జపాన్‌లో కొందరు చిత్రకారులకు ఇవి పెద్ద ప్రశ్నలు. ఎందుకంటే వాళ్లు గీస్తున్నది రాముణ్ని!

కరీంనగర్‌లో స్థిరపడిన ఓ రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారికి ఈ సంగతి చాలాకాలం తెలీదు. ఆయన పుట్టి పెరిగింది ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా నిర్మల్‌లో. పొణికి కర్రను చెక్కి బొమ్మలు చేసేవాళ్లనూ, చెక్కపలకల మీద రామాయణ ఘట్టాలు చిత్రించేవాళ్లనూ చూస్తూ పెరిగారు. 2000 తర్వాత ఓ వేసవి సెలవుల్లో ఆయన కొడుకు కార్టూన్ ఛానల్ ముందు కూర్చుని అరిచాడు... ‘బాపూ, గీ రామాయణం జపానోళ్లు తీసిండ్రట!’

‘మన రాముని సంగతి వాళ్లకేం ఎరుక?’ అని పేపర్లో తల దూర్చేశారు మాస్టారు.

అంతకు చాలా ఏళ్ల ముందే ఢిల్లీలోనూ ఇదే మాట వినపడింది. 1983లో యుగో సాకో అనే జపాన్ దర్శకుడు పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ తవ్వకాలపై డాక్యుమెంటరీ తీయడానికి మన దేశానికి వచ్చాడు. అప్పుడే రామాయణం ఆయన మనసుకు పట్టింది. జపాన్ భాషలో దొరికిన రామాయణాలు పదింటిని చదివాడు. ఈలోగా ఆ డాక్యుమెంటరీ గురించి పత్రికలో వచ్చిన వార్తను అపార్థం చేసుకున్న విశ్వహిందూ పరిషత్, విదేశీయులు రామాయణాన్ని తమ ఇష్టం వచ్చినట్టు తీయడమేమిటంటూ జపాన్ రాయబార కార్యాలయానికి లేఖ రాసింది.

సాకో వెళ్లి అన్నీ వివరించాడు. రాముడు దేవుడు కాబట్టి నటుడికి వేషం వేయించడం కన్నా బొమ్మల్లో చూపించడమే మేలన్నది ఆయన ఆలోచన. అపార్థం తొలగింది. కానీ ఇంత సున్నితమైన కథను కార్టూన్‌గా తీయడం కుదరదని మన ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆయన మాత్రం తగ్గలేదు. జపాన్‌లోనే పని మొదలుపెట్టాడు.

దర్శకత్వంలో సాకోకి తోడుగా కొయిచి ససాకి, మన యానిమేషన్ పితామహుడు రామ్ మోహన్ నిలిచారు. 450 మంది కళాకారులు. చేత్తో వేసిన బొమ్మలే లక్షకు దగ్గర. ధోవతి కట్టూ, పెద్దల దీవెనా మనవాళ్లు చెబుతుంటే వాళ్లు నేర్చుకుని గీశారు. వనరాజ్ భాటియా సంగీతం, సంస్కృతంలో పాటలు... అలా తయారైంది ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’.

1993 జనవరిలో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. అప్పటికి బాబ్రీ మసీదు కూలి నెల దాటిందంతే... దేశం అట్టుడుకుతోంది. థియేటర్లలో విడుదల కుదరలేదు. ఆ తర్వాత టీవీలోనే పిల్లలకు దగ్గరైంది. హిందీలో రాముడికి గొంతు అరుణ్ గోవిల్‌ది, రావణుడికి అమ్రిష్ పురిది.

2025 జనవరి 24న ఆ సినిమా కొత్త హంగులతో, తెలుగు మాటలతో థియేటర్లకొచ్చింది. ఒకప్పుడు టీవీ ముందు అరిచిన కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగి. తండ్రినీ తన కొడుకునూ వెంటబెట్టుకెళ్లాడు. మాస్టారు రెండు గంటలూ కదల్లేదు. ఆయన కళ్లు కథ మీద కన్నా గీతల మీదే... విల్లు పట్టిన వేళ్లు, గాలికి కదిలే ఉత్తరీయం. ‘ఎంత ఓపికరా!’ అన్నారు నెమ్మదిగా. నిర్మల్‌లో మంచి పనితనం కనిపిస్తే పెద్దలు అన్న మాటే అది.

బయటికొస్తుంటే మనవడు అడిగాడు.

‘తాతా, ఇది తీసినాయన ఎక్కడుంటడు?’

‘2012లనే పోయిండు బిడ్డా. మన థియేటర్లల్ల ఆడంగ సూడలే.’

పిల్లాడు కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లాక డ్రాయింగ్ పుస్తకం తెచ్చి తాత ముందు పెట్టాడు. ‘రాముని ధోతి ఎట్ల గీయాల్నో జర చెప్పవా?’

మాస్టారు పెన్సిల్ అందుకున్నారు.