ఆకాశమే కప్పు... పెరడే హాలు!

వంటగది ఉంది. స్నానాల గదులున్నాయి. హాలు మాత్రం కనిపించదు. అమెరికాలో లాస్‌ఏంజెలెస్‌ పక్కనున్న వెస్ట్‌ హాలీవుడ్‌లోని ఆ ఇంటి హాలు చూడాలంటే పెరట్లోకి వెళ్లాల్సిందే!

కింగ్స్‌ రోడ్డులోని ఆ ఇంటిని 1922లో కట్టింది ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్‌ రుడాల్ఫ్‌ షిండ్లర్‌. అంతకు ముందు ఏడాది భార్యతో కలిసి యోసెమిటీ అడవుల్లో గుడారం వేసుకుని గడిపాడాయన. వెనక ఆసరాగా గోడ, ముందు ఖాళీ జాగా, ఓ నెగడు, పైన కప్పు... ఇవుంటే చాలనిపించింది.

తమకూ, స్నేహితుల జంటకూ కలిపి కట్టిన ఈ ఇంట్లో నలుగురికీ తలో స్టూడియో. వంటగది ఒక్కటే. గదుల ముందున్న పచ్చిక ఆవరణల్నీ గదులుగానే లెక్కేశాడు షిండ్లర్‌. వాటికి చెట్ల కంచెలే గోడలు. చలి కాచుకోవడానికి ఆరుబయటే పొయ్యి. లోపలి నేలా బయటి నేలా దాదాపు ఒకే మట్టం కాబట్టి, తలుపు పక్కకు జరిపితే రెండూ కలిసిపోతాయి. పడక డాబా మీద... వేసవిలో మనం మంచాలేసుకున్నట్టే! కాకపోతే పైన చిన్న కప్పు ఉంటుంది. వానా చలీ వచ్చినప్పుడు మాత్రం తిప్పలే.

కట్టినప్పుడు చుట్టూ ఖాళీ జాగాలే. ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లు. పైఅంతస్తుల చూపులు పెరటి హాల్లో పడకుండా అడ్డుకునేది పచ్చని పొదలే. 1994 నుంచి మ్యాక్‌ సెంటర్‌ ఇక్కడ ప్రదర్శనలు నిర్వహిస్తోంది. సందర్శకులు లోపలికెళ్లి చూడొచ్చు.

పక్క స్థలంలో రేపు నాలుగంతస్తులు లేస్తే? పెరట్లో గది వేసుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి అదే!