డోపు ఆరని ముసురు

మూడు రోజులుగా బందరులో ముసురు. నేను కడుతున్న టైగర్ మాత్ నమూనా విమానం కుడి పైరెక్కకు పూసిన డోపు, అదే రెక్క మీది వార్నిష్, తెల్లగా పాలిపోయింది. ద్రావకం గబగబా ఎగిరిపోతూ పైపొరను చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి సముద్రపు గాలిలోని చెమ్మ పట్టి రెక్క మీద బూడిద చల్లినట్టవుతుంది. "ఎండొచ్చాక పల్చగా ఇంకో పూత వెయ్యరా, అదే పోతుంది" అన్నాడు గుడివాడ నుంచి ఫోనులో ఒక స్నేహితుడు. నాకూ తెలుసు. ఎండ రావాలి కదా!

ముసురును తిట్టి ఏం లాభం. ఈ రెక్కను రెండోసారి చేయాల్సి వచ్చింది, నా అసలు మంట అది. తెప్పించుకున్న ప్లానులో రెక్కలు తిన్నగా గీసి ఉన్నాయి. తిన్నగా ఉంటే అది టైగర్ మాత్ ఎలా అవుతుంది? 1931లో డీ హావిలాండ్ వాళ్లు తమ పాత మాత్ విమానాన్ని మార్చి దీన్ని చేస్తున్నప్పుడు, ముందు సీటులోని మనిషి పారాచూట్‌తో బయటపడటానికి పైరెక్క అడ్డొచ్చేది. దాన్ని ముందుకు జరిపారు. జరిపితే తూకం చెడింది. అప్పుడు రెక్కల కొసలను వెనక్కి వాల్చి సరిచేశారు. ఒక మనిషి ప్రాణం కోసం వచ్చిన వాలు అది. సులువుగా ఉంటుందని దాన్ని తీసేసి స్కేల్ మోడల్ అని అమ్మడం అపచారం. ఎనిమిదో వంతు కొలతలో 44 అంగుళాల రెక్కలు. మొత్తం విప్పి మళ్లీ కట్టాను.

నా విమానం ఎగిరేది తీగల మీద. "రిమోట్ పెట్టొచ్చుగా బాబాయ్" అంటారు మా వీధి కుర్రాళ్లు. రిమోట్‌తో ఎగిరే విమానం కంటికి దొరుకుతుంది, తీగల మీద ఎగిరేది చేతికి దొరుకుతుంది. 60 అడుగుల సన్నని ఉక్కు తీగలు రెండు, ఒక పిడి. మణికట్టు వంచితే తీగ లాగి బెల్‌క్రాంక్ తిరుగుతుంది, తోక పలక లేస్తుంది, విమానం ఎగబాకుతుంది. మనం నడుమ నిలబడి దాంతోపాటే తిరగాలి. గాలి వచ్చే వైపుకు విమానం చేరినప్పుడు తీగ కాస్త సడలి గుండె ఝల్లుమంటుంది. అది దాటగానే మళ్లీ చేతిని లాగుతుంది. ఆ లాగుడు కోసమే ఇదంతా.

ఇక కర్ర. బాల్సా ఎక్కడో ఈక్వడార్‌లో పెరగాలి, మన దాకా రావాలి. కొండపల్లి బొమ్మల తెల్లపొణికితో పక్కటెముకలు కోసి చూశాను. కత్తికి వెన్నలా లొంగింది గాని తక్కెడలో బరువు తూగింది. బెండు తేలికే, కానీ వంచితే పుటుక్కుమంటుంది.

బెండంటే మా తాతయ్యే. నాగాయలంకలో చెరువుల వెంట తిరిగి జీలుగు బెండు కోసుకొచ్చి నీడన ఆరబెట్టేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో భాసికాలకు, మిగతా రోజుల్లో వలలకు. పైతోలు చెక్కితే లోపల మీగడ తెలుపు. ఓ సంక్రాంతికి నాకు రెండంతస్తుల రెక్కల విమానం చేసిచ్చాడు. యుద్ధం రోజుల్లో అలాంటిది చూశాడట. ముందు తాటాకు పంకా, దానికి తుమ్మముల్లు ఇరుసు. రెక్క కొసకు వల దారం కట్టి, కరకట్ట మీద నన్ను నిలబెట్టి, "తిరగరా అబ్బాయ్" అన్నాడు. కృష్ణ మీది గాలికి తాటాకు గిర్రుమంది. పడవ దిగినవాళ్లు బుట్టలు దించి చూశారు. తాతయ్య చూపంతా దారం మీదే. "సడలనీకు, సడలనీకు" అంటూ నా చుట్టూ తనూ తిరుగుతున్నాడు.