పిల్లలు చెప్పిన మాట వ్రాసి ఉంచుదము



మా సంఘములోని ఒక కుటుంబమువారి అమ్మాయి ఇంగ్లాండులో టీచరుగా పని చేయుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు తమ బడిలో జరిగిన ఇన్‌స్పెక్షను సంగతి మాతో చెప్పినది. ఇన్‌స్పెక్టరు వచ్చుచున్నాడనగానే మన ఊళ్లలో హాజరుపట్టీలు సరిచేసి, గోడలకు సున్నము వేయుదురు. అక్కడ ఆఫ్‌స్టెడ్ అను ప్రభుత్వ సంస్థవారు పిల్లల భద్రతను గూర్చిన రికార్డులు కూడ చూచుదురట.

“పుస్తకము శుభ్రముగా ఉంటే చాలునా అమ్మా?” అని అడిగితిమి.

“చాలదు అయ్యగారూ” అన్నది.

బిడ్డ ఒంటిమీద దెబ్బ కనబడినను, బిడ్డ భయపడుచు ఒక మాట చెప్పినను, టీచరు ఏమి చూచెను, ఎవరికి తెలిపెను, పెద్దలు ఏమి నిర్ణయించిరి, ఎందుకు, చివరకు ఏమాయెను అను సంగతులన్నియు వ్రాసియుండవలెను. తరువాత వారు టీచర్లను, పిల్లలను కూడ అడిగి చూచుదురు. బిడ్డ నడుమ బడి మారితే ఆ ఫైలు 5 రోజులలో కొత్త బడికి చేరవలెను. పని చేయువారందరి పూర్వాపరములు విచారించినట్లు ఒకే పట్టీలో ఉండవలెను. 2025 నవంబరు నుండి భద్రత విషయములో తీర్పులు రెండే: నెరవేరినది, నెరవేరలేదు.

ఇంత పట్టుదల వెనుక గొప్ప దుఃఖమున్నది. 2002 ఆగస్టులో సోహమ్ అను ఊరిలో పదేండ్ల బాలికలిద్దరు హత్యకు గురియైరి. హంతకుడు ఆ ఊరి హైస్కూలులో కేర్‌టేకరు. అంతకుముందు వేరొక ప్రాంతములో అతనిమీద పలు ఆరోపణలు వచ్చియుండెను. అయితే ఆ సమాచారము పోలీసు రికార్డులలో సరిగా నిలువలేదు, ఉద్యోగమిచ్చినవారికి చేరలేదు. 2004లో బిచర్డ్ విచారణ నివేదిక ఈ లోపములను బయటపెట్టినది.

మనకును సండేస్కూళ్లున్నవి, హాస్టళ్లున్నవి. పరువు పోవునని పెద్దలు అరుగుమీద కూర్చుండి నోటిమాటగా సర్దివేయుట మనమెరుగని సంగతి కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. తెలుపనివారికి శిక్ష కలదు. సహాయమునకు 1098 నంబరు ఉన్నది. పుస్తకములో వ్రాసినంతమాత్రమున ఈ బాధ్యత తీరదు.

అయినను వ్రాయవలెను. తేదీ వేసి, బిడ్డ పలికిన మాటలనే వ్రాసి, బీరువాలో తాళము వేసి ఉంచవలెను. అది ఊరివారు చెప్పుకొను కబురు కారాదు. మనము బదిలీపై వెళ్లినను, తరువాత వచ్చువారు ఆ బిడ్డను కాపాడుటకు ఆ కాగితమే ఆధారము.