గెలుపు వెనక గుసగుస

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద ఎప్పుడైనా సైకిలు తొక్కి చూశారా? నాలుగు మలుపులు తిరిగేసరికి ఊపిరి అందదు. దిగి తోసుకుంటూ పోవాల్సిందే!

అంతకంటే నిటారు దారి... పదహారు కిలోమీటర్లు. 2024 జులై 14న, టూర్ ద ఫ్రాన్స్‌లో, ప్లాటో ద బేయ్ అనే కొండను స్లొవేనియా కుర్రాడు తదేయ్ పొగాచర్ దాదాపు నలభై నిమిషాల్లో ఎక్కేశాడు. 1998లో ఇటలీ వీరుడు మార్కో పంతానీకి పట్టిన సమయం కంటే మూడు నిమిషాలకు పైగా తక్కువ. ఆ ఏడాది పంతానీ ఇచ్చిన నమూనాల్లో రక్తంలో ఎర్రకణాలు పెంచే ‘ఈపీవో’ ఉందని 2013లో ఫ్రాన్స్ సెనేట్ నివేదిక తేల్చింది. మందు వాడినవాణ్నే దాటేశాడంటే ఇతనేం వాడి ఉంటాడో... గుసగుసలు మొదలయ్యాయి.

సైకిళ్లు తేలికయ్యాయి, పోటీలో గంటగంటకూ తినే తిండి లెక్క మారింది అంటారు అభిమానులు. పొగాచర్ ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు కూడా. కానీ ‘పట్టుబడలేదుగా’ అన్న మాటకు విలువ లేకుండా చేసిపోయినవాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు గెలిచి, అన్నేళ్లూ అదే మాట అన్నాడు. 2012లో ఆ టైటిళ్లన్నీ పోయాయి. 2013 జనవరిలో టీవీలో ఒప్పుకున్నాడు. అతను చేసిన అప్పు, తర్వాత గెలిచిన ప్రతివాడూ తీరుస్తున్నాడు.

మనకు తెలిసిన కథే ఇంకోటి ఉంది. ఒడిశాలో పుట్టి, హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసిన ద్యుతీ చంద్. ఒంట్లో పురుష హార్మోను సహజంగానే ఎక్కువ ఉందని 2014లో ఆమెను పోటీలకు దూరం పెట్టారు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికెళ్లి 2015లో నెగ్గింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. చప్పట్లు కొట్టాం. తీరా 2022 డిసెంబరు నమూనాల్లో నిషేధిత మందులు బయటపడి నాలుగేళ్ల నిషేధం పడింది. తెలియక జరిగిందన్నది ఆమె వాదన.

అంటే 2014లో అనుమానించినవాళ్లదే రైటా? కాదు. అప్పుడామె ఏ తప్పూ చేయలేదు. అలాగని అప్పటి గెలుపు 2022కి అడ్డం రాదు. దేని సాక్ష్యం దానిదే.

సాక్ష్యం లేని మాట ఎక్కడ తగులుతుందో మొన్న పెద్దతిప్పసముద్రంలో చూశాను. మా అక్క కూతురు స్కూలు పరుగుపందెంలో ఫస్టొచ్చింది. ‘ఏం మాత్ర మింగినావు పాపా?’ అన్నాడు ఒకాయన. జోకే! అందరూ నవ్వారు, పిల్ల తప్ప. ‘నేను తినింది సంగటే గదా మామా, ఎందుకట్లన్నాడు?’ అంది ఇంటికొచ్చాక.

అనుమానించడం పరీక్షలు చేసేవాళ్ల పని. నమూనాలను పదేళ్ల దాకా దాచి, మళ్లీ పరీక్షించే వీలు వాళ్లకుంది. వాళ్లు తేల్చేదాకా చప్పట్లు కొట్టడానికి మనకేం అడ్డం?

‘పెద్ద పోటీలకు పోయినప్పుడు సీసా పట్టుకుని వస్తారు. నవ్వుతూ ఇచ్చెయ్’ అన్నాను.

‘అంతదాకా పోతానా మామా?’ అంది, కళ్లు పెద్దవి చేసి.