అనంతగిరి దారిలో ఒక పాఠము

గడచిన భాద్రపదమున మేము సకుటుంబముగా విశాఖపట్టణమునుండి అరకులోయకు బయలుదేరితిమి. దూరము సుమారు 115 కిలోమీటర్లు. బండి మా మరిది క్రొత్తగా కొన్నది. చిన్నదైనను ఎత్తుగా, విలాసముగా నుండు క్రాసోవరు.

శృంగవరపుకోట దాటువరకు మా అత్తగారు వెనుక నడిమి సీటులో సుఖముగా కూర్చుండిరి. ఇది ముందు చక్రములు లాగు బండి యనియు, ఇట్టివానిలో ఇంజను అడ్డముగా నుండుననియు, వెనుక చక్రములకు శక్తిని గొనిపోవు షాఫ్టు అక్కరలేదనియు, అందుచే లోపల చోటు హెచ్చి కాళ్లకడ మిట్ట తగ్గుననియు మరిది చెప్పెను. బి.ఎం.డబ్ల్యూ. వారి ఎక్స్1 సయితము 2009లో వెనుక చక్రముల పద్ధతితో వెలువడి, 2015 నాటి రెండవ తరమునుండి ముందు చక్రముల పద్ధతికి మారినది. ఒకటి ఎడ్లు లాగు బండి, మరియొకటి వెనుకనుండి నెట్టు తోపుడుబండి యనుకొనవచ్చును.

అనంతగిరి చేరునప్పటికి సన్నని వాన. సిల్వరు ఓకు చెట్లను పెనవేసికొన్న మిరియపు తీగలు, వాని నీడను కాఫీ మొక్కలు. భోజనమునకై మట్టిదారిని ఒక తోటలోనికి దిగితిమి. చిక్కు తిరిగి యెక్కునపుడు వచ్చినది. ముందు చక్రములు బురదలో ఊరక తిరిగినవి. బండి మూరెడు వెనుకకు జారి లోయ యంచువైపు ఒరిగినది. మేము దిగితిమి గాని మోకాళ్ల నొప్పిచే అత్తగారు దిగలేకపోయిరి. ఆమె కన్నులు మూసికొని రామనామము జపించుచుండగా మా గుండెలు ఆగినంత పనియయ్యెను.

తోట కావలి వృద్ధుడు, "కిందికి దించి, తిప్పి, వెనక్కి ఎక్కించండి బాబూ" అనెను. మరిది మెల్లగా చదునునకు దించి, అట్లే చేసెను. బండి రివర్సు గేరులో నెమ్మదిగా రోడ్డెక్కినది!

కారణము సులభము. ఏటవాలు నెక్కునపుడు బరువు దిగువ చక్రములపై పడును. ముందు చక్రములు తేలికపడి పట్టు తప్పును. సామానంతయు మేము వెనుకనే నింపితిమి. త్రిప్పినపుడు లాగు చక్రములే దిగువనయ్యెను. వెనుక చక్రముల బండికి ఇట్టి యెక్కుడు కొంత తేలిక. కాని తడి మలుపులో తొందరపడిన దాని వెనుకభాగము ప్రక్కకు కొట్టుకొనిపోవును. దిద్దుటకు నేర్పు కావలెను. ముందు చక్రములది మలుపు వెలుపలికి పోజూచును. వేగము తగ్గించిన చాలవరకు దారికి వచ్చును.

కావున సోదరీమణులారా, ఇంట బండి కొను మాట వచ్చినపుడు పేరును, మెరుగును మాత్రమే చూడక, ఎవరు నడుపుదురు, ఏ దారిన తిరుగుదురు అని యడుగుడు. టైర్లరిగిన ఏ పద్ధతియు రక్షింపదు.

మా అత్తగారి తీర్పు వేరు: "కాళ్లకు చోటున్నది, బండి మంచిదే. ఇకమీదట భోజనము మాత్రము రోడ్డు ప్రక్కనే!"