అవ్వ మెడలోని రాయి

మా అవ్వ పుట్టినిల్లు సండూరు, మెట్టినిల్లు రాయదుర్గము. 1953 అక్టోబరు 1వ తేదీన రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకును, సండూరుతో గూడ బళ్లారి మైసూరు రాష్ట్రమునకును చెందగా, ఆమె రెండిండ్ల నడుమ రాష్ట్రపు సరిహద్దు వచ్చి నిలిచినది.

ఆమె మెడలో నల్లత్రాటికి వెండికట్టుతో నొక రాయి వ్రేలాడుచుండెడిది. దానిపై ఎఱుపు, నలుపు చారలు. "అకీకు నాయనా, మా నాయన ఇచ్చినాడు" అనెడిది. ఆమె గతించిన పిదప అది నా పాలికి వచ్చినది. బళ్లారిలో నొక వర్తకునకు చూపగా, "అకీకు కాదు, ఉత్త రాయి" అని నవ్వెను. అవ్వను ఎవరో మోసగించిరని తలచి, సిగ్గుతో దానిని పెట్టెలో పడవైచితిని.

ఏండ్లు గడచిన తరువాత రాళ్లను గూర్చి కొంత తెలిసికొంటిని. అకీకనగా అగేటు. అది కాల్సెడొనీ యను రాతిలో నొక భేదము. కాల్సెడొనీ పలుగురాతి పదార్థమే. కంటి కానని సన్నని స్ఫటికముల కూర్పు. చారలు లేక ఎఱ్ఱగా నుండి వెలుతురును చొరనిచ్చునది కార్నీలియను. చారలు తిన్నగా సాగినచో ఓనిక్సు. ఇది అకీకునకు తోబుట్టువు. లోపల నాచువంటి పచ్చని రేకలున్న దానిని నాచు అకీకందురు గాని, చారలు లేనిదానికి ఆ పేరు చెల్లదు. వెలుతురు బొత్తిగా చొరనిది జాస్పరు. అకీకునకు రెండు లక్షణములును కలిసియుండవలెను: ఉల్లిపొరలవలె చారలు, దీపమున కెదురుగా పట్టినచో అంచులనైనను దిగు వెలుతురు. గాజును గీచి చూచుట చాలదు. ఇవన్నియు గాజును గీచును.

ఒకనాటి రాత్రి పెట్టె తెఱచి, కట్టు విప్పి, రాతిని దీపమున కెదురుగా పట్టితిని. వెలుతురు దిగలేదు. పరిమాణమునకు మించిన బరువు. పింగాణి గిన్నె అడుగున మెఱుగులేని అంచుపై నల్లచారను రాచితిని. నెత్తుటి వన్నె గీత పడినది! అది హెమటైటు, ఇనుపరాయి. ఎఱ్ఱచారలు జాస్పరు. ఇట్టి చారల రాయి సండూరు కొండలలో పొరలు పొరలుగా నున్నది. రాబర్టు బ్రూస్ ఫూటు బళ్లారి మండల భూగర్భమును గూర్చి 1895లో వెలువరించిన గ్రంథమున ఆ కొండల ఇనుపరాళ్లకు పెద్ద చోటే కలదు.

దక్కను అకీకు సుమారు 6.6 కోట్ల ఏండ్ల నాటి లావా గుంతలలో పేరుకొనినది. సండూరు రాయి సుమారు 270 కోట్ల ఏండ్ల క్రిందట సముద్రగర్భమున పేరుకొనినది. వర్తకుడు చెప్పినది నిజమే, అది అకీకు కాదు. కాని అవ్వ నెవరును మోసగింపలేదు. తండ్రి తన ఊరి కొండరాతినే బిడ్డ మెడలో కట్టి అత్తవారింటికి పంపినాడు.

నేడా కొండల ఖనిజము లారీల కెక్కి తరలిపోవుచున్నది. రాతిని మరల వెండికట్టులో బిగింపించితిని. "ఇదేమి రాయి తాతా?" అని మనుమరాలు అడిగినది. "సండూరు రాయి తల్లీ, మా అవ్వ పుట్టింటిది" అంటిని.